రిపోర్టుల నోము

లిఫ్టులో అంటించిన కాగితం మూడోసారి మాయమైనప్పుడు రాజరాజేశ్వరికి కోపం రాలేదు, హుషారొచ్చింది. ఒకసారి పోతే గాలికి ఊడిందనుకోవచ్చు. రెండోసారి పోతే ఏ పిల్లవాడో పీకాడనుకోవచ్చు. మూడుసార్లు పోయిందంటే, కోకాపేటలో ముప్పై రెండంతస్తుల ఈ టవర్‌లో మోసగాళ్ల తాలూకు మనిషి ఎవరో మకాం వేశారన్నమాటే.

ఆమె ఉండేది పదిహేడో అంతస్తులో. ప్రొద్దుటూరులో బి.కాం. ఫస్టుక్లాసులో పాసై, పాసైన ఆ సంవత్సరమే పెళ్లై, ముప్పై ఏళ్లుగా ఆ డిగ్రీతో పాలవాడి లెక్క తప్ప వేరే లెక్క చూడని మనిషి. ఈ రోజుల్లో కందిపప్పులో ఏరడానికి రాళ్లు కూడా ఉండటం లేదు. కంపెనీవాళ్లే ఏరి పంపుతున్నారు. ఏరే చెయ్యి ఊరికే ఉండదు కదా, అది ఫోను మీద పడింది. టవర్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులోకి "ఈ పాపను కాపాడండి", "ఈ తండ్రికి కిడ్నీ కావాలి" అంటూ ఏది వచ్చినా మొదట ఆమె చేటలో పడాల్సిందే. తాలు తాలుగా, గింజ గింజగా విడిపోవాల్సిందే.

గ్రూపు పైభాగాన పిన్ను కొట్టి పెట్టిన ఏడు నియమాలు కూడా ఆమె రాసినవే. వచ్చిన లింకు నొక్కొద్దు, సంస్థ వెబ్‌సైటు పేరు మీరే టైపు చేసుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు నిజమైనదో కాదో ఆదాయపు పన్ను వాళ్ల సైటులో చూసుకోండి. మనుషుల సొంత పేర్ల మీదున్న యూపీఐకి పంపొద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ పేరుతో రోగి ఉన్నారా అని అడగండి. ఇట్లా ఆరు పోయాక ఏడోది ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది: ఏడుపొస్తే ఫోను పక్కన పెట్టి, ముఖం కడుక్కుని, కాఫీ తాగి, అప్పుడు డబ్బు పంపండి.

ఆ ఏడో నియమాన్ని మొదట తప్పింది కూడా ఆమే. ఈ సంగతి టవర్‌లో ఎవరికీ తెలియదు. మొగుడు సురేంద్రకు అసలే తెలియదు.

కార్తీకంలో వాళ్లమ్మ తద్దినం. ప్రతి ఏడూ ఆ రోజున డయాలసిస్ రోగులకు సాయం చేసే ఒక మంచి సంస్థకు, అన్నీ చూసుకుని, అమ్మ పేరు మీద డబ్బు పంపడం అలవాటు. ఆ ఏడూ పంపింది. పంపి, అమ్మను తలచుకుని కళ్లు తుడుచుకుంటున్న గడియలోనే చెల్లెలి కూతురు స్వాతి దగ్గర్నుంచి ఒక వీడియో వచ్చింది. ఆసుపత్రి మంచం, గుండు చేసిన తల, ఆ తలకు రెండింతలున్న కళ్లు. బేబీ నైనిక, ఏడేళ్లు, రక్త క్యాన్సర్, శ్వాసబిందు చైల్డ్ హెల్త్ ట్రస్ట్. పేజీలోకి వెళ్లి వీడియో మొత్తం చూసింది. ముఖం కడుక్కోలేదు, కాఫీ తాగలేదు. మూడు వేలు పంపేసింది. బ్యాంకు కబురు చూసిన సురేంద్ర అదీ తద్దినం డబ్బే అనుకున్నాడు.

నిమిషంలో రసీదొచ్చింది. చుట్టూ పూలతీగ, మధ్యలో పాప బొమ్మ. అనుమానం అక్కడే మొదలైంది. అసలు సంస్థలు రసీదు పంపడానికి రెండు మూడు రోజులు తీసుకుంటాయి, వాళ్లకు వేరే పనులుంటాయి గనక. మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ పేరుతో పిల్లే లేదన్నారు. రిజిస్ట్రేషన్ నంబరు వెతికితే అది ఎక్కడిదో గోశాలది. సైబర్ నేరాల నంబరుకు ఫిర్యాదు చేసింది, రసీదు పంపిన నంబరును బ్లాకు చేసింది, మూడు వేలను కాశీలో వంకాయ వదిలినట్టు వదిలేసింది. రోషాన్ని మాత్రం వదల్లేదు.

నోము పుట్టింది ఆ రోషంలోంచే. గురువారం ఉదయం పదకొండింటికి పిల్లలు బడిలో, మొగుళ్లు ఆఫీసులో, వంటమనుషులు ఇంకో ఇంట్లో ఉంటారు. ఆ వేళకు ఒకరింట్లో చేరి, కాఫీ వడలు అయ్యాక, నలభై ముగ్గురు ఆడవాళ్లు ఒక్క నిమిషంలో ఒకే దొంగ పేజీ మీద రిపోర్టు నొక్కాలి. రాలేనివాళ్లు ఇంట్లో ఉండే నొక్కొచ్చు, ఫలం దక్కుతుంది. ఉద్యాపన ఎప్పుడని ఎవరో అడిగితే, కలియుగం అయిపోయాక అని రాజరాజేశ్వరి చెప్పింది. రెండో గురువారానికే శ్వాసబిందు పేజీ ఎగిరిపోయింది. ఆ రోజు ఇంటింటికీ సున్నుండలు పంచింది.

పేజీ పోయినా వాళ్లు ముసలివాళ్లకు ఫోన్లు చేస్తూనే ఉంటారని, జాగ్రత్త కోసం రంగుల కాగితాలు వేయించి నాలుగు లిఫ్టుల్లోనూ అంటించింది. రసీదు మీది పాప బొమ్మ పెద్దది చేసి, దాని మీద అడ్డంగా ఎర్ర గీతలు రెండు, నుదుటి మీద ఫేక్ అని ముద్ర, కింద "ఈ ముఖం చూసి మోసపోకండి" అని పెద్దక్షరాలు. సర్వీసు లిఫ్టులోది తప్ప మిగతా మూడూ చెక్కుచెదరలేదు. సర్వీసు లిఫ్టులోదే మూడుసార్లు పోయింది.

"ఏమ్మే, దొంగలను పట్టేదాని కాగితాన్నే దొంగలెత్తుకపోతాండారంటనే," అని సురేంద్ర పొద్దున్నే ఇడ్లీ ముందు కూర్చుని వెక్కిరించాడు. ఆయన ఔటర్ రింగు రోడ్డు పక్కన స్థలాలు అమ్ముతాడు. ఎత్తుకుపోవడం గురించి ఆయన మాట్లాడకుండా ఉంటేనే బాగుంటుందని ఆమె చెప్పి, చీర మార్చుకుని కిందికి దిగింది.

బేస్‌మెంటులో కెమెరాల గది సాయిలుది. సెక్యూరిటీ సూపర్వైజరు, నారాయణఖేడ్ వైపు మనిషి. మేడం అడిగితే కాదనలేక ముందురోజు మధ్యాహ్నం బొమ్మలు వెనక్కి తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆపి, నాలుక కరుచుకున్నాడు.

తెర మీద హౌస్‌కీపింగ్ స్వప్న. పదిహేడో అంతస్తు తుడిచేది ఆ అమ్మాయే. ఇరవయ్యెనిమిది ఉంటాయేమో, రోజూ ఉదయం రాజరాజేశ్వరి గుమ్మం ముందు ముగ్గు చెరక్కుండా ముగ్గు చుట్టూ తుడిచి వెళ్తుంది. మాటలు తక్కువ. తెర మీద ఆమె లిఫ్టు అద్దం తుడిచింది, కమ్మీ తుడిచింది. తర్వాత తడిగుడ్డను కాగితం నాలుగు మూలలా ఒత్తిపెట్టి కాసేపు ఆగింది. జిగురు మెత్తబడ్డాక గోటితో నెమ్మదిగా లేపింది. చింపలేదు. కొంగుతో తడి అద్దింది. మడత కూడా పెట్టలేదు. యూనిఫాం కోటు గుండీ ఒకటి విప్పి, పలకలాగా లోపల పెట్టుకుని, గుండీ పెట్టుకుంది.

"జర ఫికర్ చెయ్యకుండ్రి మేడం. కాంట్రాక్టరుకు చెప్పి రేపటికెల్లి బందు పెట్టిస్త దాన్ని," అన్నాడు సాయిలు.

తానే అడుగుతానని, అప్పటిదాకా నోరు మెదపొద్దని రాజరాజేశ్వరి చెప్పింది. పైకి వస్తూ లిఫ్టులో లెక్కలు వేసుకుంది. ఈ పిల్లకు ఎవరో డబ్బిస్తున్నారు. ఎంతిస్తున్నారు, ఎవరిస్తున్నారు, ఏ ఫ్లాటువాళ్లు. ఆ ఉత్సాహంలోనే గుమ్మం ముందు బకెట్టు పట్టుకుని కనిపించిన స్వప్నను లోపలికి పిలిచి, డైనింగు టేబులు మీద నాలుగో కాగితం పరిచింది.

"ఇది నువ్వే తీశావు. కెమెరాలో ఉంది. ఎవరు తీయమన్నారో చెప్తే నీ ఉద్యోగానికేం కాదు."

స్వప్న కాగితం వైపు చూసింది. చేతులు తడిగా ఉన్నాయని కోటుకు తుడుచుకుంది గానీ కాగితాన్ని ముట్టుకోలేదు.

"గీ ముద్రల ఏమున్నదమ్మా?"

"ఫేక్ అని. అంటే దొంగ."

"ఎవరు దొంగ?"

రాజరాజేశ్వరి సమాధానం చెప్పబోయి, కాగితం మీద తాను వేయించిన ముద్ర ఎవరి నుదుటి మీద ఉందో మొదటిసారి చూసినట్టు చూసింది.

"వాళ్లు దొంగలు కావొచ్చమ్మా, నాకు ఎరుక లేదు," అంది స్వప్న. "పిల్లయితే దొంగ కాదు. నా బిడ్డ."

తర్వాత చెప్పిందంతా నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు. పిల్ల పేరు నైనిక కాదు, తేజస్విని. రెండేళ్ల కిందట సర్కారు దవాఖానలో నలభై దినాలు ఉన్నారు. ఒకరోజు మెడలో కార్డు వేసుకున్న పిలగాడొకడు వచ్చి, వీడియో తీసి పెడితే దాతలు సాయం చేస్తారని చెప్పి, తీసుకుపోయాడు. మళ్లీ రాలేదు. పైసలూ రాలేదు. తీసిన పదకొండో దినం పిల్ల పోయింది. అంతకు ముందు వారమే బయట కొనాల్సిన ఇంజక్షను కోసం మొగుడు శేఖర్ తన ఫోను అమ్మాడు. బొమ్మలన్నీ దాంతోనే పోయాయి. అప్పుడు ఆ ఆలోచన ఎవరికుంటుంది. అత్త కిష్టమ్మ, చిన్నపిల్లల ఫోటోకు దండ వెయ్యొద్దు, ఇంకో బిడ్డ నిలవదు అని, బడి కార్డు కూడా పిల్లతోనే మట్టిలో పెట్టించింది. ఆధార్ మీద బొమ్మ ఉంది గానీ అది మూడేళ్లప్పటిది, అందులో ఏడుస్తూ ఉంటుంది, గుర్తే పట్టరాదు.

"మూడు కాగితాలు పరుపు కింద పెట్టిన. ఎర్రగీత పోతదేమోనని ఒకదాన్ని తడిగుడ్డతోని తుడిచి చూసిన. గీతతోని ముఖం గూడ పోవట్టె. ఇగ ఆపిన."

స్వప్న టేబులు మీది కాగితం వైపు మళ్లీ చూసింది.

"వీడియో అంటున్నరు గదా అమ్మా అందరు. అండ్ల మాట్లాడ్తదా?"

"మాట్లాడుతుంది."

"ఏమన్నది?"

రాజరాజేశ్వరి గుర్తు చేసుకోబోయింది. మంచం గుర్తుంది, సెలైను సీసా గుర్తుంది, వెనక వయొలిన్ గుర్తుంది. తనకు ఏడుపొచ్చింది, అది బాగా గుర్తుంది. పిల్ల ఏదో అంది. ఏమందో మాత్రం ఎంత తవ్వినా రాలేదు. చూపిస్తానుండమని ఫోను తీసింది, పేజీ కోసం వెతికింది, ఆ పేజీ ఇక లేదని తెర చెప్పింది. ఆమెకు తెలియని సంగతా అది. సున్నుండలు పంచింది కదా.

పేజీ తీయించేశామని, తీయించింది తామేనని చెప్పింది. చెప్పకుండా ఉండొచ్చు గానీ, చెప్పింది.

స్వప్న తలూపింది. "మంచిదేనమ్మా. దొంగలది పోవుడే మంచిది," అని బకెట్టు తీసుకుని బయటికి వెళ్లి, వదిలేసిన దగ్గర్నుంచి మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. రాజరాజేశ్వరి తలుపు వేసుకుని, ఆ తడిగుడ్డ చప్పుడు మెట్ల దాకా వెళ్లేవరకు తలుపు వెనకే నిలబడింది.

సాయిలుకు ఫోన్ చేసి, కాగితాలు తీయమన్నది తానేనని, మరిచిపోయానని అబద్ధం చెప్పింది. మిగతా మూడు లిఫ్టుల్లోవి తానే వెళ్లి ఊడదీసింది. ఆమెకు తడిగుడ్డ ఒత్తిపెట్టడం తెలియక రెండు చిరిగాయి.

ఇక వేట మొదలైంది, తిరగేసిన వేట. స్వాతికి ఫోన్ చేస్తే, నువ్వు తిట్టావని అప్పుడే తీసేశాను పెద్దమ్మా అంది. గ్రూపులో ఎవరి దగ్గరైనా ఆ వీడియో ఉందా అని అడిగితే, మీరు చెప్పినట్టే డిలీట్ చేశామండీ అని నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. రెండేళ్లలో ఆ గ్రూపు ఆమె మాట సంపూర్ణంగా విన్నది అదొక్కసారే.

మూడో రోజుకు మిగిలింది ఒకటే దారి. బ్లాకు చేసిన నంబరును బ్లాకులోంచి తీసింది. నమస్తే అని పెట్టింది. అవతలినుంచి నమస్తే మేడం, గాడ్ బ్లెస్ యు అని వెంటనే వచ్చింది, ఆమె కోసమే కాచుకున్నట్టు. తర్వాత ఫోనే వచ్చింది. తేనె పూసిన గొంతు. పాత పేజీకి టెక్నికల్ ప్రాబ్లం వచ్చిందట, కొత్త పేజీ తయారవుతోందట. ఐదు వేలిచ్చి సిల్వర్ డోనర్ అయితే పాప వీడియో వాట్సాప్‌కే పంపుతారట.

ఆమె ఒక మాట అడిగింది, అడగకుండా ఉండలేక. "పాప ఎట్లా ఉంది?"

"చాలా ఇంప్రూవ్ అయింది మేడం. నిన్న రెండు ఇడ్లీలు తింది."

ప్రొద్దుటూరు బజారులో చిన్నప్పుడు విన్న తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆడవాళ్లు కుళాయి దగ్గర తిట్టుకునేవి, వంశాన్ని ఏడు తరాలు వెనక్కి తీసుకుపోయేవి. ఒక్కొక్కటీ మింగి, నంబరు పంపమంది.

డబ్బు పంపబోతే ఫోనే అడ్డం పడింది. ఈ ఖాతా మీద ఫిర్యాదులున్నాయి, మీరు మోసపోవచ్చు, కొనసాగించాలా అని ఎర్రటి అక్షరాలు. ఆ ఫిర్యాదుల్లో ఒకటి ఆమెదే. ఏడుపు రాలేదు. అయినా లేచి ముఖం కడుక్కుంది, కాఫీ కలుపుకుని కింద మడ్డి దాకా తాగింది. నియమం ప్రకారం అన్నీ చేసి, వచ్చి, కొనసాగించు నొక్కింది.

బ్యాంకు కబురు సురేంద్ర ఫోనుకు కూడా వెళ్తుంది. సాయంత్రం చెప్పులు విప్పుతూనే అడిగాడు.

"ఐదు వేలు ఎవునికి పంపినావే?"

"దొంగలకు."

"తెలిసేనా?"

"తెలిసే."

ఆయన ఆమె ముఖం వైపు చూసి, ఇంకో మాట అడగకుండా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. మాటల మనిషే గానీ, ఎక్కడ ఆపాలో తెలియనివాడు కాదు.

వీడియో మర్నాడొచ్చింది. నలభై ఎనిమిది సెకన్లు. ఆమె ఒంటరిగా చూడలేదు, చూసే హక్కు ముందు తనకు లేదనుకుంది. సర్వీసు లిఫ్టు పక్కన మెట్ల దగ్గర స్వప్న గుడ్డలు పిండుకుంటుంటే వెళ్లి, రెండో మెట్టు మీద కూర్చుంది. ఈసారి స్వప్న కూడా కూర్చుంది. కూర్చునే ముందు మెట్టు తుడిచింది, మేడం చీర పాడవుతుందని.

తెర వెలిగింది. పిల్ల దిండుకు ఆనుకుని ఉంది. తీస్తున్నవాడి వైపు, అంటే ఇప్పుడు వీళ్లిద్దరి వైపు, సూటిగా చూసి అంది.

"అన్నా, గీ ఫోను ఎంత?"

అంతే. ఆ మాట పూర్తి కాకముందే వయొలిన్ అందుకుంది, దాని వెనకాల ఒక ఆడగొంతు ఇంగ్లీషులో బేబీ నైనిక కష్టాలు చెప్పసాగింది. పిల్ల పెదవులు కదులుతూనే ఉన్నాయి, నలభై అయిదు సెకన్ల పాటు, ఏదో చెబుతూ, చెయ్యి చాపి ఏదో చూపిస్తూ. ఒక్క ముక్క వినిపించదు. పాడు వయొలిన్.

స్వప్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని రాజరాజేశ్వరి చెయ్యి వేయబోయి, ఆగింది. నవ్వుతోంది.

"గిట్లనే అమ్మా. ఏది చూసినా ఎంత, ఎంత అంటది. డాక్టరు సారు మెడల గొట్టం ఎంత అన్నది ఒకపారి. సూది మందు ఎంత అనడిగి, వద్దు నాయినా, శాన ఉన్నది అన్నది." నవ్వు అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. "ఇంకోపారి వెట్టుండ్రి. బాజా రాకముందు ఆపుండ్రి."

రాజరాజేశ్వరి పెట్టింది. ఆపడంలో ఆలస్యమై వయొలిన్ దూరింది. మళ్లీ పెట్టింది.

వీడియోను నీ ఫోనుకు పంపుతానంటే స్వప్న వద్దంది. శేఖర్ చూస్తాడు. మందు మానేసి నాలుగు నెలలే అయింది, ఆటో సక్కగ నడుపుతున్నాడు. అత్త చూస్తే ఇంకో లొల్లి. "మీ దాంట్లనే ఉండనియ్యుండ్రి. నేను వారానికోపారి వస్త. గురువారం ఈ అంతస్తుల పని పదకొండింటికి అయిపోతది."

కొత్త పేజీ రానే వచ్చింది. పేరు మారింది, ట్రస్టు మారింది, పిల్ల పేరు మళ్లీ మారింది, ముఖం మాత్రం అదే. గ్రూపులో ఎవరో దాన్ని పెట్టి, ఈ గురువారం దీని పని పడదామా అండీ అని అడిగారు. రాజరాజేశ్వరి మర్నాడు గుమ్మం ముందు స్వప్ననే అడిగింది. ముగ్గు చుట్టూ తుడుస్తూ స్వప్న, ఇగ తీపియ్యుండ్రి, బిడ్డ ఇన్ని పేర్లతోని అడుక్కునుడు బాగలేదు అంది.

కొత్త పేజీ నంబరు, ఐదు వేల రసీదు జత చేసి మళ్లీ ఫిర్యాదు పెట్టింది. మీరు ఎలా మోసపోయారో వివరించండి అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, మోసపోలేదు, కొనుక్కున్నాను అని రాసి, కొట్టేసి, ఖాళీగా వదిలేసింది. లిఫ్టుల్లో కొత్త కాగితాలు వచ్చాయి. ముఖం లేదు, ముద్ర లేదు, ఏడు నియమాలు మాత్రమే ఉన్నాయి. బొమ్మ లేని కాగితాన్ని ఎవరు చదువుతారండీ అని గ్రూపులో ఒకావిడ అంది. నిజమే, ఎవరూ చదవరు. సర్వీసు లిఫ్టులోది మాత్రం అద్దంలా ఉంటుంది, రోజూ ఎవరో తుడుస్తారు గనక.

నోము ఆగలేదు. ప్రతి గురువారం పదకొండింటికి నలభై ఇద్దరు తయారుగా ఉంటారు. రాజరాజేశ్వరి మాత్రం నాలుగైదు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నియమాలు పెట్టినావిడే ఆలస్యమైతే ఎట్లాగండీ అని వడలు వేయించే ఇల్లాలు దెప్పుతుంది. గ్యాస్ మీద పాలు పెట్టి వచ్చానని, ఇంకోటని, ఏదో ఒకటి చెబుతుంది.

ఆ వేళకు మెట్ల దగ్గర ఇద్దరాడవాళ్లు ఒకే ఫోను మీదికి వంగి ఉంటారు. వయొలిన్ అందుకునే లోపల సరిగ్గా వేలు ఆపడం రాజరాజేశ్వరికి మూడో వారానికి వచ్చేసింది.